ఇల్లు ఆరు నెలలు తాళం. రోడ్డు దగ్గరే నల్లా నీళ్లు బంద్ చేయించొచ్చా?

మల్కాజిగిరి_పాతిల్లు:

మాది మల్కాజిగిరి వైపు పాత ఇండిపెండెంట్ ఇల్లు. అక్కకి డెలివరీ కాబట్టి అమ్మానాన్న వచ్చే నెల అమెరికా వెళ్తున్నారు, ఆరు నెలలు ఉండి వస్తారు. నేనుండేది బెంగళూరులో. అంటే ఇల్లు పూర్తిగా తాళమే, చూసేవాళ్లు ఎవరూ లేరు.

సమస్య నీళ్లతో. జలమండలి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, నేరుగా సంపులో పడతాయి. సంపు నిండగానే నీళ్లు ఆపాల్సిన ఫ్లోట్ వాల్వు ఉంది కానీ పేరుకే, బాల్ పైకి లేచినా నీళ్లు సన్నగా కారుతూనే ఉంటాయి, ఒక్కోసారి ధారగానే పడతాయి. కొత్తది పెట్టించినా కొన్నాళ్లకే మళ్లీ అదే కథ. ఇంట్లో మనుషులుంటే వాడకం ఉంటుంది కాబట్టి తెలియదు, ఊరెళ్లామంటే మాత్రం సంపు నిండి పొంగి పక్కింటి కాంపౌండ్ గోడ కిందికి పోతుంది. పోయిన సంక్రాంతికి ఊరెళ్లొచ్చేసరికి పక్కింటి అంకుల్ గోడకి చెమ్మ ఎక్కిందని నాన్నతో గట్టిగానే మాట్లాడారు. ఈసారి ఆరు నెలలంటే నాకు టెన్షన్‌గా ఉంది.

గేటు బయట చిన్న చాంబర్ ఉంది, అందులో వాల్వు కనిపిస్తోంది. నాన్న "ఇరవయ్యేళ్లుగా ఎవరూ తిప్పలేదు, దాన్ని ముట్టుకోకు" అంటున్నారు. ప్లంబర్‌ని పిలిస్తే రోడ్డు తవ్వి మెయిన్ లైన్ దగ్గరే బంద్ చేసేస్తానంటున్నాడు, వచ్చాక మళ్లీ తవ్వి కలుపుతాడట. అలా చేయొచ్చా? ఎవరినైనా అడగాలా? ఇంకేదైనా దారి ఉందా?

సనత్‌నగర్_పైపులు:

తమ్ముడూ, ముందు ఆ రోడ్డు తవ్వేవాడికి ఫోన్ చేసి వద్దని చెప్పు. తర్వాత మిగతాది మాట్లాడుకుందాం.

ప్లంబింగ్ కాంట్రాక్టు పనులే చేస్తాను కాబట్టి చెప్తున్నా. నీకు కావలసిందల్లా మీ సంపులో చుక్క పడకుండా ఉండటం, దానికి రోడ్డు దాకా పోనక్కర్లేదు. కాంపౌండ్ లోపల, మీటర్ దాటాక, సంపుకి వెళ్లే పైపు మీద ఇత్తడి బాల్ వాల్వు ఒకటి బిగించుకుంటే సరిపోతుంది. లివర్ ఉండేది, పావు చుట్టు తిప్పితే ఆగిపోయేది. లివర్ పైపు వెంట ఉంటే తెరిచి ఉన్నట్టు, అడ్డంగా ఉంటే మూసి ఉన్నట్టు. మీ నాన్నగారు అద్దాలు పెట్టుకోకుండా చూసినా తెలుస్తుంది.

మన దగ్గర ఉన్న సుఖం ఏంటంటే లైన్‌లో ప్రెషర్ ఉండేది నీళ్లు వదిలిన ఆ గంటా రెండు గంటలే. నీళ్లు రాని రోజు పని పెట్టుకుంటే రోడ్డు దగ్గర ఏదీ మూయకుండానే పైపు కోసి వాల్వు పెట్టేయొచ్చు. కాకపోతే మీ ఇల్లు పల్లంలో ఉంటే పైన ఉన్న గల్లీ లైన్‌లో మిగిలిన నీళ్లన్నీ మీ కోత దగ్గరికే వస్తాయి, కాసేపు కారనివ్వండి, బకెట్ పెట్టుకోండి. మిట్ట మీద ఉంటే ఇంకో గొడవ, పైపు గాలి లాగుతుంది. కోసిన చివర బురద గుంటలో పడి ఉందనుకో, ఆ బురదని కూడా లోపలికి లాగుతుంది. అందుకే కోయగానే చివరకి ఎండ్ క్యాప్ పెట్టాలి, టీ తాగొస్తానని తెరిచి పెట్టి వెళ్లకూడదు. మా కుర్రాళ్లకి ఇదే రోజూ చెప్పేది.

మీ పైపు జీఐనా (జింకు పూత ఇనుపది), నీలం రంగు ఎండీపీఈనా (ప్లాస్టిక్‌ది)? జీఐ అయితే మర కోసి యూనియన్ వేయాలి, నీలం పైపైతే కంప్రెషన్ ఫిట్టింగ్, అరగంట పని.

లెక్కల_మాస్టారు:

ఒక చిన్న లెక్క. అరంగుళం కనెక్షన్‌లో మంచి ప్రెషర్ ఉంటే 15 లీటర్ల బకెట్ నిమిషంలో నిండుతుంది అనుకుందాం. గంటకి 900 లీటర్లు. రెండు గంటలు వదిలితే 1,800. రోజు విడిచి రోజు అంటే నెలకి 15 సార్లు, 27,000 లీటర్లు. 2021 జనవరి నుంచి హైదరాబాద్‌లో ఇంటికి నెలకి 20,000 లీటర్లు ఉచితం కదా, ఫ్లోట్ వాల్వు పూర్తిగా ఫెయిలైతే ఖాళీ ఇంటికి ఆ ఉచితం దాటిపోయి బిల్లు కూడా వస్తుంది. ఉచితం కావాలంటే మురికివాడల్లో తప్ప మిగతా ఇళ్లకి పనిచేసే మీటర్ ఉండాలి, మీకు ఉందో లేదో చూసుకోండి.

ఇంకోటి, నీళ్లు వదిలిన మొదటి నిమిషాల్లో పైపులో ఉన్న గాలి తోసుకొచ్చి మీటర్‌ని గిర్రున తిప్పుతుంది. వాల్వు మూసి ఉంటే ఆ బాధ కూడా ఉండదు.

ఫ్రిస్కో_బావ:

డల్లాస్ పక్కన ఉంటాను. ఇక్కడ లైన్‌లో ఎప్పుడూ ప్రెషర్ ఉంటుంది కాబట్టి మీరు చెప్పిన 'నీళ్లు రాని రోజు' అన్న మాటే లేదు, బంద్ చేయడం తెలియకపోతే ఇల్లు మునిగినట్టే. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ అంతా గడ్డకట్టి కరెంటు పోయినప్పుడు మా వీధిలో అటకల్లో పైపులు పగిలాయి, సీలింగ్ ఊడి మంచాల మీద పడింది. వాల్వు ఎక్కడుందో తెలిసినవాళ్లు గబగబా కట్టేశారు, తెలియనివాళ్లు చీకట్లో ఫోన్ లైట్ పట్టుకుని లాన్ అంతా వెతికారు. మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఆ రాత్రి ఇదే ప్రశ్న, "వాటర్ షటాఫ్ ఎక్కడుంటుంది?"

ఇక్కడ రోడ్డు అంచున లాన్‌లో మూతేసిన మీటర్ బాక్స్ ఉంటుంది. మూత తీస్తే మీటర్, దాని పక్కన ఇత్తడి కాక్, దాని మీద చపటగా ఒక పలక. ఆ పలక పైపు వెంట ఉంటే తెరిచినట్టు, అడ్డంగా తిప్పితే మూసినట్టు. తిప్పడానికి హార్డ్‌వేర్ షాపులో పొడవాటి టీ ఆకారం కీ దొరుకుతుంది. చేయి పెట్టే ముందు లోపల ఏం కాపురం ఉందో చూసుకోవాలి, సాలీళ్లు, చీమలు మామూలే. కాకపోతే ఆ కాక్ సిటీ వాళ్లది, మనం తిప్పి విరగ్గొడితే ఖర్చు మన మెడకే చుట్టుకుంటుంది, కాబట్టి ఇంటి వైపు మన సొంత వాల్వు ఉంటే అదే వాడతాం.

అన్నట్టు మీ అమ్మానాన్న ఇక్కడికొచ్చిన మొదటి రోజే మీ అక్కావాళ్లింట్లో అది ఎక్కడుందో వాళ్లకి చూపించమనండి. పిల్లలు ఆఫీసులకి వెళ్లాక ఇంట్లో ఉండేది వాళ్లే.

పటమట_పిన్ని:

బాబూ, మాది విజయవాడ. ఎవరూ అడగని మాట ఒకటి అడుగుతాను. ఆ గేటు బయట వాల్వు మీ ఒక్క ఇంటిదేనా?

మా మామగారి అన్నదమ్ములు వాటాలు పంచుకున్నప్పుడు గోడలు పంచుకున్నారు, చెట్లు పంచుకున్నారు, కుళాయి లైను మాత్రం పంచుకోలేదండి. ఒకే కనెక్షన్ రెండిళ్లకి. మా వారు ఒకసారి మా పైపేదో బాగు చేయాలని బయట వాల్వు కట్టేస్తే అవతల తోడికోడలు స్నానాలకి నీళ్లు లేక గంటలో ఇంటి మీదికొచ్చింది. పాత ఇళ్లలో ఇది చాలా మామూలు. మీ వాల్వు మూసేసి మీరు బెంగళూరు వెళ్లిపోతే, వెనక వాటా వాళ్లు ఎవరైనా ఉంటే మూడోనాడే తాళం పగలగొట్టినంత పని చేస్తారు.

చూసుకోవడం తేలికే. నీళ్లు వచ్చే టైములో ఆ వాల్వు మూయించి పక్కిళ్లలో, వెనకింట్లో కుళాయిలు వస్తున్నాయో లేదో అడగండి, సందేహం తీరిపోతుంది.

ఉప్పల్_కుర్రాడు:

పక్కింటి అంకుల్‌కే గేటు తాళం ఇచ్చేసి వెళ్లు బ్రో. ఆయన గోడ ఆయనే కాపాడుకుంటాడు.

మల్కాజిగిరి_పాతిల్లు:

@ఉప్పల్_కుర్రాడు నాన్న ఒప్పుకుంటే కదా.

అందరికీ థాంక్స్. ఈ వారాంతం ఇంటికొచ్చి చాంబర్ తెరిచి చూశాను. మూత రాయి పలకే, గడ్డపారతో లేపాల్సి వచ్చింది. లోపల సగం దాకా మట్టి, బొద్దింకలు, ఎవరో పడేసిన గుట్కా ప్యాకెట్లు. మట్టి తీశాక గుండ్రటి చక్రం ఉన్న గేట్ వాల్వు బయటపడింది, ఒకప్పుడు ఎర్ర రంగు ఉండేదేమో, చక్రం అంచు తుప్పుకి పెచ్చులుగా ఊడుతోంది. కొంచెం నూనె వేసి అటూ ఇటూ కదిపితే కదిలింది, ఇంకా తిప్పితే ఆగకుండా తిరుగుతూనే ఉంది. ఎంత తిప్పినా బిగుసుకోవడం లేదు. నిన్న నీళ్లొచ్చినప్పుడు చూస్తే ధారలో ఏ తేడా లేదు. ఇంతకీ అది మూసుకుందా తెరుచుకుందా?

పిన్ని గారూ, కనెక్షన్ మా ఒక్కరిదే. బిల్లు మీద క్యాన్ నంబర్ (కనెక్షన్ ఖాతా నంబర్) ఒక్కటే ఉంది, వెనకింటి వాళ్లకి వేరే లైను ఉందని వాళ్లే చూపించారు.

పైపు గేటు దగ్గర జీఐ, మీటర్ తర్వాత కొంత దూరం నీలం పైపు.

రిటైర్డ్_లైన్‌మన్:

బాబూ, నువ్వు చెప్పినదాన్ని బట్టి ఆ వాల్వు లోపల స్పిండిల్‌కీ (చక్రం కింది కడ్డీకి) గేటుకీ (నీళ్లు ఆపే బిళ్లకి) ఉన్న పట్టు పోయింది. చక్రం తిరుగుతుంది, కింద ఉన్న బిళ్ల దాని మానాన అది ఉంటుంది. ధార తగ్గలేదంటే బిళ్ల పైనే ఇరుక్కుని ఉంది, అదృష్టం. కొన్నిసార్లు అది ఊడి కిందికి జారి దారికి అడ్డం పడుతుంది, అప్పుడు తెరవడం నీ వల్ల కాదు, వాల్వు మొత్తం మార్చాల్సిందే. ఇక దాన్ని తిప్పకు. పానాకి పైపు తొడిగి బలం పెట్టి తిప్పేవాళ్లు ఉంటారు, వాళ్లని అసలు దగ్గరికి రానివ్వకు.

పాత గేట్ వాల్వులకి ఇది పెద్ద జబ్బు. ఏళ్ల తరబడి కదపకుండా వదిలేస్తే ఉప్పు పేరుకుని పట్టేస్తుంది. సగం తెరిచి వాడితే బిళ్ల అరిగిపోతుంది. మూడు నాలుగు నెలలకోసారి పూర్తిగా మూసి పూర్తిగా తెరిచి, చివర్లో అర చుట్టు వెనక్కి తిప్పి వదిలితే చాలాకాలం పనిచేస్తుంది, కానీ ఆ పని చేసిన ఇల్లు నా సర్వీసులో దాదాపు చూడలేదు.

రోడ్డు తవ్వుతానన్న ప్లంబర్ సంగతి. గల్లీలో పోయే మెయిన్ పైపుకి శాడిల్ అని పట్టీ లాంటి క్లాంపు కట్టి, దాని మీద ఫెర్రుల్ అని చిన్న ఇత్తడి ముక్క బిగిస్తారు. మీ ఇంటి లైను మొదలయ్యేది అక్కడే. ఫెర్రుల్ పైన టోపీ తీస్తే లోపల మరబిళ్ల ఉంటుంది, దాన్ని కిందికి బిగిస్తే మీ ఇంటికి నీళ్లు ఆగుతాయి. మాట్లాడినంత తేలిగ్గా ఉంటుంది చూడటానికి. కానీ పాత గల్లీల్లో కాస్ట్ ఐరన్ మెయిన్ ఉంటుంది, చాలా చోట్ల ఫెర్రుల్‌ని శాడిల్ లేకుండా నేరుగా పైపుకే మర వేసి బిగించారు. ఆ మర చుట్టూ తుప్పు తినేసి ఉంటుంది. గడ్డపార ఒక్క దెబ్బ తగిలినా, ఫెర్రుల్‌ని పానాతో పట్టి గుంజినా మొత్తం ఊడి చేతికొస్తుంది. ఆ పూట నీళ్లు వదిలారంటే గల్లీ అంతా ఫౌంటెన్, వాల్వు మూసేదాకా అందరికీ నీళ్లు బంద్. పైగా ఫుట్‌పాత్ కింద కరెంటు కేబుల్ ఎక్కడ పోతుందో తవ్వేవాడికి తెలియదు. డ్రైనేజీ లైను కూడా పక్కనే ఉంటుంది, తవ్విన గుంటలోకి దాని ఊట చేరితే, ప్రెషర్ లేని టైములో అదే మీ లైన్‌లోకి, పక్కవాళ్ల లైన్‌లోకి పోతుంది. నీళ్లు మురిగి వచ్చాయని వచ్చే కంప్లయింట్లలో ఇలా ఎవరో తవ్వి కెలికినవి తక్కువేం కాదు.

మెయిన్, ఫెర్రుల్ డిపార్ట్‌మెంట్ చేతిలో ఉండాల్సినవి. అక్కడ నిజంగా లీకు ఉంటే, లేదా కనెక్షనే మూయించాలనుకుంటే 155313కి ఫోన్ చేయి, లేదా మీ సెక్షన్ ఆఫీసుకెళ్లి రాసివ్వు. క్యాన్ నంబర్ దగ్గర పెట్టుకో, మొదట అదే అడుగుతారు. నీకున్న పనికి పైన చెప్పిన బాల్ వాల్వు చాలు.

మీటర్‌కి సీలు ఉంటే దాన్ని తెంపకుండా, మీటర్ దాటాకే కోయమను. ఇప్పుడున్న పాత గేట్ వాల్వుని అలాగే తెరిచి వదిలెయ్, దాని గ్లాండ్ దగ్గర, అంటే కడ్డీ బయటికొచ్చే చోట, కారుతుంటే మాత్రం మార్పించు.

సనత్‌నగర్_పైపులు:

పెద్దాయన చెప్పింది నూటికి నూరు పాళ్లు. దానికి నాదో ముక్క. మీటర్ తర్వాత నీలం పైపు అన్నావు కదా, పని ఇంకా తేలిక. కానీ సంపుకి పోయే ముందే డైరెక్ట్ నల్లా ఒకటి ఉంటుంది చాలా ఇళ్లలో, తాగే నీళ్లు పట్టుకోవడానికి. బాల్ వాల్వు ఆ నల్లాకి కూడా ముందే పడాలి. లేకపోతే సంపు బంద్ అవుతుంది, నల్లా వాషర్ పోతే అక్కడ కారుతుంది.

బిగించాక అదే నల్లాతో టెస్ట్ చెయ్యి. నీళ్లొచ్చే టైముకి వాల్వు మూసి నల్లా తెరిచిపెట్టు. పైపులో నిలిచిన కాసిని నీళ్లు పోయాక చుక్క రాకూడదు. ఇది చూడకుండా ప్లంబర్‌కి డబ్బులివ్వకు, వాడు నేనైనా సరే.

పేపర్లో అప్పుడప్పుడు 'ఫలానా ప్రాంతాల్లో నీళ్ల సరఫరా బంద్' అని జలమండలి ప్రకటన వస్తుంది, కృష్ణా లైనో గోదావరి లైనో రిపేరు ఉన్నప్పుడు. మీ ఏరియా పేరు ఉంటే ఆ రోజు పెట్టుకో, మధ్యలో హఠాత్తుగా నీళ్లొస్తాయన్న భయం ఉండదు.

మల్కాజిగిరి_పాతిల్లు:

సరే, తవ్వకం క్యాన్సిల్. బాల్ వాల్వుకే నాన్నని ఒప్పించాను, మీటర్ దాటాక లైన్ మీదే డైరెక్ట్ నల్లా ఉంది, దానికి ముందు చోటు కూడా ఉంది. ఇంకో రెండు సందేహాలు. వాల్వు ఉంటే ఇక ఆ ఫ్లోట్ వాల్వు మళ్లీ మార్చాలా? వాల్వు మూసి వెళ్తున్నారంటే సంపులో నీళ్లు ఉంచాలా, తీసేయాలా? ఇంకా ఒకటి, ఇన్‌లెట్ పైపుకి నాన్న రబ్బరు ట్యూబు తగిలించి సంపు అడుగుదాకా వేశారు, నీళ్లు పడే చప్పుడు రాకుండా. అది ఉండొచ్చా?

రిటైర్డ్_లైన్‌మన్:

ఆ రబ్బరు ట్యూబు ఇవాళే తీసెయ్ బాబూ. నీళ్లు ఆగిపోగానే మెయిన్ వైపు లాగుడు పడుతుంది, ట్యూబు మూతి నీళ్లలో మునిగి ఉంటే మీ సంపు నీళ్లు వెనక్కి గల్లీ లైన్‌లోకి వెళ్తాయి. అక్కడ ఎవడో లైన్‌కే మోటార్ తగిలించి లాగుతుంటే చెప్పక్కర్లేదు. 2025 ఏప్రిల్‌లో జలమండలి ఇలాంటి మోటార్లు పట్టుకుని జప్తు చేసి 5,000 రూపాయల ఫైన్ వేసే డ్రైవ్ పెట్టింది కూడా. ఇన్‌లెట్ మూతి ఎప్పుడూ సంపు నిండు మట్టానికి పైన, గాలిలో ఉండాలి. చప్పుడు వస్తే రానీ.

సనత్‌నగర్_పైపులు:

ఫ్లోట్ వాల్వు మార్చాలి తమ్ముడూ, ఎందుకంటే ఇల్లు మళ్లీ తెరిచాక రోజూ పని చేయాల్సింది అదే. కొత్తది కూడా కొన్నాళ్లకే పోతోందంటే వాల్వు తప్పు కాకపోవచ్చు. లైన్‌లో వచ్చే ఇసుక రేణువు ఒకటి వాషర్ కింద ఇరుక్కుంటే చాలు, బాల్ ఎంత పైకి లేచినా అది మూసుకోదు. విప్పి వాషర్ చూడు, మధ్యలో గీత పడి ఉంటుంది. దానికి ముందు ఒక వై-స్ట్రెయినర్ వేయించు, చిన్న జాలీ ఉంటుంది లోపల, అప్పుడప్పుడు విప్పి కడిగితే సరి. బాల్ సంపు గోడకి రాసుకుంటోందేమో కూడా చూడు, చాలా చోట్ల రాడ్ వంగి గోడకి ఆనుకుని ఉంటుంది, పైకి లేవాలన్నా లేవలేదు.

వెళ్లే ముందు ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ చేయించండి, ఎండకి ఆరు నెలల నీళ్లు పాచి పట్టి పోతాయి. సంపులో ఉన్నది వీలైనంత తోడి మొక్కలకి పోయించండి, కొంచెం మిగిలినా మూత దోమ దూరకుండా ఉండాలి. గీజర్ ఎంసీబీ కట్టేయండి. మోటార్ స్టార్టర్ ఆఫ్. ఆటోమేటిక్ కంట్రోలర్ ఉంటే దాన్ని తప్పకుండా ఆపండి, సంపులో నీళ్లు లేక మోటార్ ఉత్తిగా తిరిగితే సీలు కాలిపోతుంది.

వచ్చాక వాల్వు తెరిచేది నీళ్లొచ్చే టైముకి. మెల్లగా తెరవమను, ఒక్కసారిగా లాగొద్దు. మొదట వచ్చే ఎర్ర నీళ్లు సంపులోకి పోకుండా డైరెక్ట్ నల్లా పూర్తిగా తిప్పి బయటికి వదిలేయండి, ఫ్లోట్ వాల్వుని చేత్తో పైకి లేపి పట్టుకుంటే సంపు వైపు పోవు. నీళ్లు తేటగా వచ్చాక వదలండి. సంపూ ట్యాంకూ కడిగించాకే మోటార్ వేయాలి.